సినిమా హాలు పై అంతస్తులోనే ఎందుకు? బరంపురం వైపు నుంచి చైన్ మాల్స్ లెక్క

బరంపురం నుంచి భువనేశ్వర్ సుమారు 170 కిలోమీటర్లు. విశాఖపట్నం ఇంకో వంద ఎక్కువ. ఆంధ్ర సరిహద్దున ఉన్న ఒడిశా గంజాం జిల్లాలోని తెలుగు కుటుంబాలు పెళ్లి బట్టలకు దక్షిణం వైపు, పిల్లల సెలవులకు ఉత్తరం వైపు బయలుదేరడం ఎప్పటినుంచో ఉన్నదే. బరంపురం పట్టుకు సొంతంగా భౌగోళిక గుర్తింపు ఉన్నా, ఆ ఊరి పెళ్లికూతురి చీరలు విశాఖలో కొనడం ఒక విచిత్రం, అది వేరే కథ. 2024 మార్చిలో మొదలైన భువనేశ్వర్–విశాఖ వందే భారత్ బరంపురంలోనూ, పక్కనే ఇచ్ఛాపురంలోనూ ఆగుతుంది. దాంతో ప్రయాణం ఇంకా తేలికైంది. రెండు కొసల్లోనూ మాల్స్ పెరుగుతున్నాయి, మధ్యలో మాత్రం లేవు. నెక్సస్, ఫీనిక్స్, లులు లాంటి చైన్ సంస్థల స్థాయి మాల్ గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో ఒక్కటీ లేదు.

దీనికి అందరూ చెప్పే జవాబు, "మన దగ్గర అంత కొనేవాళ్లు ఎక్కడున్నారు" అని. అందులో సగమే నిజం. అసలు సంగతి అర్థం కావాలంటే మాల్‌లో ఆటపాటలకు, సినిమాకు డబ్బు ఎవరు పెడుతున్నారో, ఎవరు తీసుకుంటున్నారో చూడాలి. చైన్ మాల్ పెరిగే దారంతా ఆ లెక్కలోనే ఉంది.

కట్టినవాళ్లు, కొన్నవాళ్లు

ఫీనిక్స్ మిల్స్ పేరులోనే దాని పుట్టుక ఉంది. ముంబై లోయర్ పరేల్‌లో 1905లో మొదలైన నూలు మిల్లు అది. 1982 జనవరిలో దత్తా సామంత్ నాయకత్వంలో మొదలైన సమ్మె తర్వాత ముంబై మిల్లులు మళ్లీ కోలుకోలేదు. ఆ మిల్లుల్లో పనిచేసిన వాళ్లలో తెలంగాణ నుంచి వెళ్లిన పద్మశాలీలు చాలామంది. యంత్రాలు ఆగాక యజమానుల చేతిలో మిగిలింది నగరం నడిబొడ్డున ఉన్న నేల. 1990ల చివర్లో ఫీనిక్స్ ఆవరణ హై స్ట్రీట్ ఫీనిక్స్‌గా మారడం మొదలైంది. అక్కడ ముందుగా తెరుచుకున్న వాటిలో బౌలింగ్ కేంద్రం ఒకటి. బట్టల దుకాణాల కంటే ముందు ఆట రావడం యాదృచ్ఛికం కాదు. మిల్లు గేటు లోపలికి మధ్యతరగతి వాళ్లు అడుగుపెట్టాలంటే ముందు ఏదో ఒక సరదా చూపించాలి కదా.

ఆ తర్వాత ఫీనిక్స్ అడుగులు నిదానంగా పడ్డాయి. 2011 ప్రాంతంలో పుణె, బెంగళూరు, ముంబై కుర్లాలలో మార్కెట్‌సిటీ పేరుతో మాల్స్, 2013లో చెన్నై, 2020లో లక్నో, 2022 డిసెంబర్‌లో ఇందోర్ వచ్చాయి. 2023లో మాత్రం ఒకే ఏడాదిలో అహ్మదాబాద్, పుణె వాకడ్, బెంగళూరు హెబ్బాళ్ మూడూ తెరుచుకున్నాయి. ఈ వేగానికి కారణం బయటి పెట్టుబడి. 2017లో కెనడా పింఛను నిధి సంస్థ ఫీనిక్స్‌తో చేతులు కలిపింది. ముప్పై నలభై ఏళ్ల తర్వాత పింఛన్లు చెల్లించాల్సిన నిధికి నెలనెలా అద్దె తెచ్చే ఆస్తి కావాలి. మాల్ కట్టేవాళ్లకు అప్పుకంటే ఓపిక ఉన్న డబ్బు కావాలి. ఇద్దరికీ అవసరం కలిసింది.

నెక్సస్ పెరిగింది వేరే దారిలో. అమెరికా పెట్టుబడి సంస్థ బ్లాక్‌స్టోన్ 2016 ప్రాంతం నుంచి ఇతరులు కట్టిన మాల్స్‌ను ఒక్కొక్కటిగా కొంటూ వచ్చింది. అహ్మదాబాద్, అమృత్‌సర్, చండీగఢ్‌లోని ఎలాంటే, ఆ తర్వాత ప్రెస్టీజ్ సంస్థ చేతిలోని ఫోరం మాల్స్. హైదరాబాద్ కూకట్‌పల్లిలో జనం ఫోరం సుజనా అని పిలిచేది ఇప్పుడు నెక్సస్. భువనేశ్వర్ రసూల్‌గఢ్‌లోని ఎస్‌ప్లనేడ్ కూడా ఈ కుటుంబంలోదే. 2023 మే నెలలో ఈ మాల్స్‌నన్నిటినీ ఒక ట్రస్టు కింద చేర్చి స్టాక్ మార్కెట్లో నమోదు చేశారు. యూనిట్ 100 రూపాయలు, మొత్తం ఇష్యూ 3,200 కోట్లు. అప్పటికి 14 నగరాల్లో 17 మాల్స్. రిటైల్ ఆస్తుల మీద మన దేశంలో వచ్చిన మొదటి రీట్ ఇదే.

రీట్ అంటే క్లుప్తంగా ఇది: భవనాల యాజమాన్యాన్ని చిన్న చిన్న యూనిట్లుగా చేసి అమ్ముతారు. వచ్చిన అద్దెలో ఖర్చులు పోను పంచదగిన నగదులో కనీసం 90 శాతం యూనిట్లున్నవాళ్లకు పంచాలని స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నియమం. ఆస్తుల విలువలో కనీసం 80 శాతం అప్పటికే పూర్తయి అద్దె తెస్తున్న భవనాల్లోనే ఉండాలి. సరిహద్దు పట్టణాల కోణంలో ఈ రెండో నియమం చాలా ముఖ్యం. రీట్ కొత్త ఊళ్లో ఖాళీ స్థలం కొని ప్రయోగం చేయదు. ఎవరో కట్టి, నాలుగైదేళ్లు నడిపి, నష్టం భరించి, జనాన్ని అలవాటు చేసిన తర్వాత వచ్చి కొంటుంది. అంటే బరంపురానికి నెక్సస్ ఎందుకు రాలేదని అడగడం కంటే, నెక్సస్ కొనదగ్గ మాల్ అక్కడ ఎవరైనా కట్టారా అని అడగాలి.

లులు సంగతి మరోలా ఉంటుంది. 2013లో కొచ్చి ఇడప్పళ్లిలో మొదలై తిరువనంతపురం, బెంగళూరు, లక్నో మీదుగా 2023 సెప్టెంబర్‌లో హైదరాబాద్ చేరింది. హైపర్ మార్కెట్ వాళ్లదే, ఫంటూరా అనే ఆటల విభాగమూ వాళ్లదే. ఒక జేబులో తగ్గినా ఇంకో జేబులో పడుతుంది. విశాఖలో లులు మాల్ ఒప్పందం 2019లో రద్దయింది, 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ పట్టాలెక్కింది. కైలాసపురంలో ఇనార్బిట్ మాల్‌కు 2023 ఆగస్టులో శంకుస్థాపన జరిగింది.

ఆట నష్టం, అద్దె లాభం

మాల్‌లో అన్ని దుకాణాలూ ఒకే అద్దె కట్టవు. చిన్న దుకాణం చదరపు అడుగుకు ఎక్కువ కడుతుంది. పెద్ద స్థలం తీసుకునే సూపర్ మార్కెట్, పెద్ద బట్టల షోరూం, మల్టీప్లెక్స్ చాలా తక్కువ కడతాయి. సాధారణంగా ఒప్పందం ఇలా ఉంటుంది: ఒక కనీస అద్దె ఉంటుంది, అమ్మకాల్లో ఒక శాతం కూడా రాసుకుంటారు, రెండింటిలో ఏది ఎక్కువైతే అది కట్టాలి. దీనికి తోడు ఏసీ, లిఫ్టులు, శుభ్రత, కాపలాకు నిర్వహణ చార్జీ విడిగా. అమ్మకాల్లో వాటా ఉంది కాబట్టి దుకాణదారుడి బేరం బాగుంటే మాల్ యజమానికీ బాగుంటుంది. అందుకే పండగ అలంకారాలు, గాయకుల కార్యక్రమాలు, పిల్లల పోటీలు మాల్ ఖర్చుతో పెడతారు. ఖాళీ హాల్లో పెట్టిన పియానో కూడా ఆ ఖాతాలోదే.

మల్టీప్లెక్స్‌కు పెద్ద స్థలం, ఎత్తైన కప్పు, మధ్యలో స్తంభాలు లేని హాళ్లు కావాలి. అద్దె తక్కువ, లీజు పదిహేను ఇరవై ఏళ్లు. మాల్ యజమాని దాన్ని పై అంతస్తులో పెట్టడానికి రెండు కారణాలు. పై అంతస్తులో మామూలు దుకాణం నడవదు, ఎవరూ అంత పైకి ఎక్కరు. సినిమాకైతే ఎక్కుతారు, దిగేటప్పుడు ప్రతి అంతస్తులోనూ తిరుగుతారు. ఎస్కలేటర్ ఎక్కి దిగేచోట మళ్లీ ఎస్కలేటర్ వెంటనే దొరకదని గమనించే ఉంటారు. అవతలి వైపుకు నడవాలి. ఆ నడకలోనే పది దుకాణాలు కళ్లబడతాయి. కిరాణా సూపర్ మార్కెట్‌ను కింది అంతస్తులో పెట్టేదీ ఇందుకే. సరుకులకు వచ్చినవాళ్లు కిందికి, సినిమాకు వచ్చినవాళ్లు పైకి, నడుమ ఉన్న దుకాణాలకు ఇద్దరూ.

మల్టీప్లెక్స్ లోపలి లెక్క ఇంకా ఆసక్తికరం. టికెట్ డబ్బులో పన్ను పోగా మిగిలినదాంట్లో పెద్ద భాగం పంపిణీదారుడిది. 2009లో హిందీ నిర్మాతలకూ మల్టీప్లెక్సులకూ మధ్య రెండు నెలలు గొడవ జరిగి కొత్త సినిమాలే ఆగిపోయాయి. చివరికి కుదిరిన పద్ధతిలో మొదటి వారం పంపిణీదారుడికి 50 శాతం, రెండో వారం 42.5, మూడో వారం 37.5, ఆ తర్వాత 30. పాప్‌కార్న్, కూల్‌డ్రింకు మీద ఇలాంటి వాటా ఎవరికీ లేదు. 2023 ఫిబ్రవరిలో పీవీఆర్, ఐనాక్స్ కలిసిన తర్వాత దేశంలో అతిపెద్ద సంస్థ అయిన పీవీఆర్ ఐనాక్స్ ఆదాయంలో దాదాపు మూడో వంతు తినుబండారాలదే. బయటి తిండి లోపలికి రానివ్వకపోవడం మీద జనానికి ఎంత కోపం ఉన్నా, ఆ సంస్థ బతుకుదెరువు అక్కడే ఉంది. పాప్‌కార్న్ ధర తగ్గించమంటే టికెట్ ధర పెంచమన్నట్టే.

పిల్లల ఆటల విభాగాల లెక్క వేరు. యంత్రాలు ఎక్కువగా దిగుమతివి, పాడైతే విడిభాగాలూ బయటి నుంచే రావాలి. సోమవారం నుంచి గురువారం దాకా దాదాపు ఖాళీ, శనాదివారాల్లో తోపులాట. అందుకే పుట్టినరోజు పార్టీలు, స్కూలు బృందాల మీద ఆధారపడతారు. ఆటకు నేరుగా డబ్బు తీసుకోరు, కార్డులో వేయించుకుంటారు. 500 వేస్తే అదనంగా కొంత కలుపుతారు. ఆట ధరలు 70, 90, 130 అని ఉంటాయి, ఎలా ఆడినా చివర్లో 40 రూపాయలో 60 రూపాయలో మిగిలిపోతుంది. ఆ మిగులు కోసం మళ్లీ రావాలి, లేదా ఇంకొంచెం వేయించాలి. గెలిచిన టికెట్లకు ఇచ్చే పెన్సిల్ డబ్బాకు అయిన ఖర్చు లెక్కేస్తే ఊళ్లో కొట్టులో పది డబ్బాలు వస్తాయి. పిల్లలకు ఈ లెక్క అక్కర్లేదు, అది వేరే విషయం.

ఇంత చేసినా ఆటల విభాగం మాల్ యజమానికి ఇచ్చే అద్దె గొప్పగా ఉండదు. అయినా దానికి చోటిస్తారు, ఎందుకంటే కుటుంబం మాల్‌లో గడిపే సమయం దానివల్ల పెరుగుతుంది. పిల్లలు గంట ఆడితే తల్లిదండ్రులు గంట తిరగాలి. ఆన్‌లైన్‌లో చొక్కా కొనొచ్చు, పిల్లాడిని ట్రాంపొలిన్ మీద ఎగరనివ్వలేం. అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ పెరిగిన కొద్దీ మాల్స్‌లో వినోదానికీ తిండికీ చోటు పెరుగుతూ రావడానికి ఇదే కారణం.

అంటే మాల్‌లో వినోదం సొంత సంపాదన మీద నిలబడేది కాదు, పక్కనున్న చెప్పుల కొట్టు, నగల కొట్టు, సెల్‌ఫోన్ కొట్టు కట్టే అద్దె మీద నిలబడేది. ఇది గుర్తుంచుకుంటే మిగతాది తేలికగా అర్థమవుతుంది. మాల్ లేకుండా విడిగా పెట్టిన గేమ్ జోన్లు చిన్న పట్టణాల్లో రెండు మూడేళ్లకే మూతపడడానికి కారణం జనం రాకపోవడం ఒక్కటే కాదు. వాటి నష్టాన్ని మోసే పక్క కొట్టు లేదు.

జనాభా ఒక్కటే కొలత కాదు

2011 జనాభా లెక్కల్లో బరంపురం నగర జనాభా సుమారు 3.56 లక్షలు. ఇది చిన్నదేనా? నెక్సస్ జాబితాలో ఉదయ్‌పూర్ ఉంది, అదే లెక్కల్లో దాని జనాభా 4.51 లక్షలు. మంగళూరు కూడా ఉంది, నగర పరిధిలో ఐదు లక్షల లోపే. తేడా ఉంది కానీ ఒకచోట మాల్ ఉండి, ఇంకోచోట ఊసే లేకపోవడానికి సరిపోయేంత తేడా కాదు.

ఉదయ్‌పూర్‌కు ఏడాది పొడవునా పర్యాటకులు వస్తారు. మంగళూరుకు గల్ఫ్ డబ్బు, చుట్టుపక్కల మెడికల్, ఇంజనీరింగ్ కాలేజీల విద్యార్థులు ఉన్నారు. బరంపురానికీ ఇలాంటివి లేకపోలేదు. ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఉంది, యూనివర్సిటీ ఉంది, 2016 నుంచి కేంద్ర సైన్స్ విద్యాసంస్థ ఐసర్ ఉంది, దగ్గర్లోనే గోపాల్‌పూర్ ఓడరేవు, బీచ్ ఉన్నాయి. వీటన్నిటికంటే పెద్దది సూరత్ డబ్బు. గంజాం నుంచి లక్షల మంది సూరత్ పవర్‌లూమ్‌లలో పనిచేస్తున్నారు. బరంపురం నుంచి సూరత్ పక్కనున్న ఉధనాకు 2025 సెప్టెంబర్‌లో ప్రత్యేకంగా అమృత్ భారత్ రైలే వేశారంటే ఆ రాకపోకలు ఎంతో ఊహించుకోవచ్చు.

కానీ సూరత్ నుంచి వచ్చే డబ్బు ఖర్చయ్యే తీరు వేరు. అది ఇల్లు కట్టడానికి, బంగారానికి, పెళ్లికి, ఆసుపత్రికి పోతుంది. సంపాదించే మనిషి ఊళ్లో ఉండేది ఏడాదిలో కొన్ని వారాలే, పండగలకూ శుభకార్యాలకూ. ఆ వారాల్లో బజారు కిటకిటలాడుతుంది. మాల్‌కు కావలసింది అది కాదు. నెలనెలా జీతం పడి, ప్రతి శనివారం సాయంత్రం ఏం చేయాలో తోచని కుటుంబాలు కావాలి. భువనేశ్వర్‌లో సచివాలయ ఉద్యోగులు, ఐటీ ఉద్యోగులు, హాస్టల్ విద్యార్థులు ఉన్నారు. విశాఖలో నౌకాదళం, ఉక్కు ఫ్యాక్టరీ, ఓడరేవు, ఫార్మా ఉన్నాయి. కొనుగోలు శక్తి ఎంత అన్నదానికంటే అది ఏడాదిలో ఎన్ని వారాలు కనిపిస్తుందన్నదే అద్దె ఒప్పందంలో కనీస అద్దెను నిర్ణయిస్తుంది.

పైగా బరంపురం వాళ్లకు ఊళ్లో వినోదం కరువేం కాదు. రెండేళ్లకోసారి చైత్రంలో ఠాకురాణి యాత్ర జరిగినప్పుడు అమ్మవారు దేశి బెహరా వీధికి, అంటే పుట్టింటికి, వస్తుంది. తెలుగు మాట్లాడే నేత కుటుంబాలే ఆ యాత్రకు పెద్దలు. దాదాపు నెల రోజులు ప్రతి రాత్రీ వేషాలు, జనం, తిరునాళ్ల కొట్లు. ఒక్క పైసా టికెట్ లేకుండా అంత వినోదం దొరికే ఊళ్లో ఆ నెల మాల్ నడిపేవాళ్లకు టెన్షనే.

ఇంకో అడ్డంకి ఎక్కువగా చర్చకు రాదు. చిన్న నగరాల్లో కాంప్లెక్స్ కట్టే బిల్డర్ దగ్గర ఓపిక ఉన్న డబ్బు ఉండదు. అందుకని కడుతున్నప్పుడే దుకాణాలను విడివిడిగా అమ్మేస్తాడు. కొన్నవాళ్లు నూరుమంది, ఒకడు ఎల్ఐసీ ఏజెంటుకు అద్దెకిస్తాడు, ఒకడు గోడౌన్ చేసుకుంటాడు, ఒకడు ధర పెరుగుతుందని తాళం వేసుకుంటాడు. ఎక్కడ ఏ కొట్టు ఉండాలో చెప్పేవాడు లేడు. ఎస్కలేటర్ ఆగిపోతే బాగుచేయించేవాడు లేడు. 2000ల నుంచి దేశంలో ఖాళీగా పడి ఉన్న మాల్స్‌లో చాలావాటి కథ ఇదే. ఫీనిక్స్ గానీ నెక్సస్ గానీ దుకాణాలు అమ్మవు, అద్దెకే ఇస్తాయి. వాటి విజయానికి ఒక్క కారణం చెప్పమంటే ఇదే చెప్పాలి. చవక అద్దెకు సినిమా హాలును తెచ్చి, ఆ నష్టాన్ని ఖరీదైన అద్దెల నుంచి పూడ్చుకోవాలంటే రెండు అద్దెలూ ఒకే చేతిలో పడాలి. దుకాణాలు అమ్మేసినవాడికి ఆ వీలు లేదు.

మూడు భాషల ఊరికి నాలుగు తెరలు

ఇంతవరకూ చెప్పినవన్నీ సరిహద్దు పట్టణాలకు వ్యతిరేకంగా ఉన్న అంశాలు. అనుకూలంగా ఉన్నది ఒకటుంది, దాన్ని పెద్ద సంస్థలు సరిగ్గా చూడటం లేదనిపిస్తుంది.

ఆరేడు వందల సీట్లున్న ఒకే తెర హాలు బరంపురంలోనో పర్లాకిమిడిలోనో రాయగడలోనో ఎప్పుడూ ఒక చిక్కులో ఉంటుంది. ఈ వారం తెలుగు సినిమా వేయాలా, ఒడియా వేయాలా, హిందీ వేయాలా? ఏది వేసినా మిగతా రెండు భాషల వాళ్లు ఇంట్లో కూర్చుంటారు. తెలుగు సినిమాకు మొదటి రెండు రోజులు హాలు నిండుతుంది, మూడో రోజు నుంచి సగం ఖాళీ. ఒకే భాష మాట్లాడే ఊళ్లో ఉన్న హాలుకు ఈ బాధ లేదు. సరిహద్దు ఊళ్లలో పాత హాళ్లు దెబ్బతినడానికి టీవీ, ఫోను ఎంత కారణమో ఇదీ అంతే కారణం.

నూట ఇరవై నూటయాభై సీట్ల తెరలు నాలుగు ఉంటే ఈ చిక్కే లాభంగా మారుతుంది. సినిమా ఇప్పుడు రీళ్ల డబ్బాల్లో రావడం లేదు, డిజిటల్‌గా వస్తోంది. విశాఖలో విడుదలైన రోజే ఇక్కడా వేయొచ్చు. తెలుగు సినిమాల పెద్ద విడుదలలు సంక్రాంతికి, వేసవికి, దసరాకు ఉంటాయి. ఒడియా సినిమాలకు జూన్ మధ్యలో వచ్చే రజ పండగ, దుర్గాపూజ ముఖ్యం. హిందీ వాళ్లు ఈద్, దీపావళి, క్రిస్మస్ చూసుకుంటారు. గుంటూరులో మల్టీప్లెక్స్ తెలుగు సినిమాలు లేని నెలల్లో ఈగలు తోలుకోవాలి. బరంపురంలో ఒక భాష వెలితి ఇంకో భాష తీరుస్తుంది.

దుకాణాలకూ ఇదే వర్తిస్తుంది. సంక్రాంతికి తెలుగిళ్లలో కొత్త బట్టలు, రజకు ఒడియా ఆడపిల్లలకు కొత్త బట్టలు, ఆ వెంటనే తెలుగు బట్టల కొట్ల ఆషాఢం ఆఫర్లు, దసరాకు అందరూ, మార్గశిరంలో గురువారాల లక్ష్మీపూజకు ఒడియా ఇళ్లు. రెండు పంచాంగాల పండగలు కలిపితే కొనుగోళ్లు లేని నెలలు తగ్గుతాయి. ఇందాక చెప్పిన వారాల లెక్కలో బరంపురానికి ఉన్న లోటును కొంతవరకు పూడ్చగలిగింది ఇదే. సరిహద్దు ఊరు అనగానే ఎటూ చెందని మార్కెట్ అని తీసిపారేసే కన్సల్టెంట్లు ఈ కోణంలో చూడరు, ఎందుకంటే వాళ్ల నివేదికలు రాష్ట్రాల వారీగా ఉంటాయి. ఒడిశా నివేదికలో తెలుగు సినిమా ఉండదు, ఆంధ్రప్రదేశ్ నివేదికలో బరంపురం ఉండదు.

అయితే నాలుగు తెరల కోసం ఏడెనిమిది లక్షల చదరపు అడుగుల మాల్ అవసరం లేదు. ఇప్పుడు మల్టీప్లెక్స్ సంస్థలు కూడా పద్ధతి మార్చుకుంటున్నాయి. పీవీఆర్ ఐనాక్స్ నష్టాల్లో ఉన్న తెరలు మూసేస్తూనే, కొత్త చోట్ల సొంత డబ్బు తగ్గించి, భవన యజమాని పెట్టుబడి పెడితే తాము నడిపే పద్ధతికి మొగ్గు చూపుతోంది. పాత సినిమా హాలు ఉన్న కుటుంబాలకు ఇది పనికొచ్చే దారి. బరంపురం గేట్ బజారు లాంటి చోట నేల ఎలాగూ సొంతం. దాన్ని మూడు నాలుగు చిన్న తెరలుగా మార్చి, కింద ఒక చవక బట్టల చైన్‌కు అద్దెకిస్తే చిన్న మాల్ లెక్క కుదురుతుంది. వీ మార్ట్, విశాల్ మెగా మార్ట్, జూడియో లాంటివి పెరిగిందే ఇలాంటి ఊళ్ల మీద. 2025 సెప్టెంబర్ 22 నుంచి వంద రూపాయల లోపు టికెట్ మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, వంద దాటితే 18 శాతమే ఉంది. వంద లోపు టికెట్ అమ్మగలిగే చిన్న పట్టణం హాలుకు ఇది పెద్ద ఊరట, భువనేశ్వర్ మాల్‌కు అక్కరకు రానిది.

పర్లాకిమిడి, గుణుపురం స్థాయి ఊళ్లకు ఇది కూడా ఎక్కువే. అక్కడ రెండు తెరలు చాలు.

ఒక భయం మాత్రం ఉంది. చిన్న ఊళ్లో గేమ్ జోన్ అంటే రేకుల షెడ్డు, థర్మాకోల్ అలంకరణ, ఒకే దారి. 2024 మే 25న రాజ్‌కోట్‌లో అలాంటి గేమ్ జోన్‌లో మంటలు లేచి 27 మంది చనిపోయారు, వారిలో పిల్లలూ ఉన్నారు. దానికి అగ్నిమాపక శాఖ అనుమతి లేదని తేలింది. చైన్ మాల్ మీద ఎన్ని విమర్శలున్నా, దాంట్లో నీళ్ల స్ప్రింక్లర్లు, రెండో మెట్లదారి, పొగ గుర్తించే యంత్రాలు ఉంటాయి. బీమా సంస్థ, విదేశీ పెట్టుబడిదారు తనిఖీ చేస్తారు కాబట్టి ఉంటాయి. స్థానికంగా కట్టే చిన్న కాంప్లెక్స్‌లో ఆ తనిఖీ మునిసిపాలిటీ ఒక్కటే చేయాలి. పిల్లలను తీసుకెళ్లే పెద్దలు బయటికి రెండో దారి ఎక్కడుందో చూసుకోవడం మంచిది.

కోరాపుట్, జయపురం, సునాబెడ వైపు పరిస్థితి ఇంకోలా మారబోతోంది. సునాబెడలో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ (హెచ్‌ఏఎల్), దామన్‌జోడిలో అల్యూమినియం సంస్థ నాల్కో ఉన్నాయి, అంటే నెల జీతాల కుటుంబాలు ఉన్నాయి, వాళ్లలో తెలుగువాళ్లు గణనీయంగా ఉన్నారు. మాల్‌కు కావలసిన రకం కొనుగోలుదార్లు వీళ్లే. కానీ నిర్మాణంలో ఉన్న రాయ్‌పూర్–విశాఖ ఆరు లైన్ల రహదారి పూర్తయితే వాళ్లకు విశాఖ ఇంకా దగ్గరవుతుంది. రాయగడ వాళ్లకు 2024 సెప్టెంబర్ నుంచి దుర్గ్–విశాఖ వందే భారత్ ఉంది. దారి బాగుపడిన ప్రతిసారీ పెద్ద నగరం మాల్ పరిధి కొన్ని కిలోమీటర్లు పెరుగుతుంది, మధ్యలో ఉన్న ఊరికి సొంత మాల్ వచ్చే అవకాశం అంతే తగ్గుతుంది.

మాల్ నిర్వాహకులు తమ జనం ఎక్కడి నుంచి వస్తున్నారో తెలుసుకోవడానికి పార్కింగ్‌లో నంబర్ ప్లేట్లు లెక్కేయిస్తారు. కైలాసపురంలో మాల్ తెరిచాక ఓడీ 07, ఓడీ 10, ఓడీ 18 బళ్లు బాగా కనిపిస్తే దాన్ని రెండు రకాలుగా చదవొచ్చు. గంజాం, కోరాపుట్, రాయగడ జనం ఎలాగూ ఇక్కడికే వస్తున్నారు కాబట్టి అక్కడ వేరే మాల్ ఎందుకు అని విశాఖ వాళ్లు అనుకుంటారు. ఇంతమంది నూట యాభై, రెండు వందల కిలోమీటర్లు పైగా వస్తుంటే ఊళ్లోనే నాలుగు తెరలు పెడితే చాలదా అని బరంపురంలో పాత హాలు యజమాని అనుకోవచ్చు. మొదటిది అనుకునేవాళ్ల దగ్గర డబ్బు ఎక్కువుంది. రెండో లెక్క వేసుకోవడానికి కావలసిన నేల మాత్రం ఇంకా స్థానికుల చేతిలోనే ఉంది.